నీసు తగిలిన మొక్కు

పుంగనూరు,
ఫిబ్రవరి 9

నీలిమకు,

ముత్యాలక్క దీవెనలు. నేను బాగున్నాను, ఆవు బాగుంది, చెవులు మాత్రం ఎప్పటిలాగే బాగాలేవు. పోయిన నెల నువ్వు పక్కింటి పాపమ్మ ఫోనుకు చేసినప్పుడు ఆమె తెచ్చి నా చెవికి ఆనించింది. ఏదో గుయ్యిమంది. నువ్వే అయి ఉంటావని ఊ కొట్టాను. ఏమన్నావో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి మాటయితే ఉత్తరంలో రాయి, తిట్టయితే అక్కర్లేదు.

నువ్వు కొనిచ్చిన చెవి మిషను అల్మారాలో భద్రంగా ఉంది. పెట్టుకుంటే పక్కింటి గిన్నెల చప్పుడంతా నా నెత్తి మీదికే వస్తుంది, మనిషి మాట మాత్రం రాదు. తీసేస్తే హాయి. హాయి అని రాశాను గానీ, మీ బావ పోయినప్పటి నుంచి ఒక్కో రోజు పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఒక్క మనిషి గొంతు చెవిన పడకుండానే గడిచిపోతుంది. అప్పుడు గడ్డి వేస్తూ ఆవుతో మాట్లాడతాను. మన పుంగనూరు పొట్టిది కదా, తలెత్తినా నా నడుం దాటదు. కానీ చెప్పిందంతా అర్థమైనట్టు చెవులాడిస్తుంది.

అసలు పని వేరే ఉంది. నా జుట్టు ఊడిపోతోంది. దువ్వెన పెడితే చాలు, వచ్చింది వచ్చినట్టే. నువ్వు ఈ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన కొత్తలో నా తల దువ్వుతూ, రెండు చేతులకూ అందడం లేదని అత్తతో చెప్పి నవ్వావు. ఇప్పుడు నా ముడి నిమ్మకాయంత. ఆముదం రాశాను, గుంటగలగరాకు రాశాను, ఉల్లిపాయ రసం కూడా రాశాను. ఉల్లిపాయ రాసిన రోజు ఆవు కూడా దగ్గరికి రాలేదు. హాస్టలు వార్డెన్‌వి, అంతమంది ఆడపిల్లల మధ్య ఉంటావు. లోపలికి వేసుకునే మందేదైనా ఉంటే కనుక్కుని పంపు.

ఎందుకని మాత్రం అడగొద్దు.

నీ అక్క,
ముత్యాలమ్మ


మదనపల్లె,
ఫిబ్రవరి 21

అక్కా,

అడగొద్దంటే ఊరుకునే మనిషినా నేను? అరవై దగ్గర పడుతుంటే ఎవరి కోసం ఈ సింగారం? పుంగనూరు సంతలో ఎవరైనా కనబడ్డారా? ఉంటే చెప్పు, తోటికోడలిని, పెళ్ళిపెద్దగా నేనే ముందు నిలబడతాను. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందని నిన్ను చూపించి అత్త నన్ను దెప్పేది. ఎలుకతోక జడదాన్ని నేనే పట్టించుకోలేదు, నీకెందుకు ఇంత దిగులు?

సరే, కనుక్కున్నాను. మా హాస్టల్లో ఇంటర్ పిల్లలు రాత్రి భోజనం కాగానే ఒక్కో మాత్ర మింగుతున్నారు. ఏమిటే అది అని నవనీత అనే పిల్లను పట్టుకుని అడిగాను. “ఇది ఏసుకుంటే ఎంటికలు ఊడవు మేడం, మొగం నున్నగా అయితాది. మా అక్క పెండ్లికి ముందు ఇదే ఏసుకునింది” అంది. మందుల షాపతన్ని అడిగితే ఒంటి పొడితనానికి మంచిదే, జుట్టు సంగతి ఒక్కో మనిషికి ఒక్కో రకం, నెలలు పడుతుంది అన్నాడు. కొండకు వెంట్రుక కట్టి లాగుదాం. వస్తే కొండ, పోతే వెంట్రుక. నీకు ఆ వెంట్రుకకే కరువనుకో.

పచ్చగా, తేనెబొట్ల మాదిరి ఉంటాయి. నూనె మాత్రలు. సీసా పగులుతుందని ఖాళీ ఇంగువ డబ్బాలో పోసి బస్సు పార్సిల్లో వేశాను. ఏ నూనె అని అడగొద్దు. నువ్వు ఎందుకని అడగొద్దన్నావుగా, చెల్లుకు చెల్లు.

నేను కూడా మొదలుపెట్టాను. ఎనిమిదికి పిల్లల భోజనాలు ముగిశాక నేనొక్కదాన్నే కంచం ముందు కూర్చుంటాను. మీ మరిది పోయి నాలుగేళ్ళు కావస్తోంది, ఇప్పటికీ ఆ వేళకు ఎదురు కుర్చీ వైపు చూడకుండా ముద్ద దిగదు. నువ్వు కూడా ఎనిమిదికే తిని, మాత్ర వేసుకో. మనిద్దరం ఒకే పంక్తిలో ఉన్నామని అనుకుంటాను.

నీలిమ


పుంగనూరు,
ఏప్రిల్ 14

నీలిమకు,

మాత్రలు అందాయి. డబ్బా అయిపోవస్తే నువ్వు పంపిన రెండోది కూడా అందింది. వేళ తప్పకుండా వేసుకుంటున్నాను. తేన్పులు మాత్రం అదోరకంగా వస్తున్నాయి. ఇంగువ వాసనో, నూనె వాసనో తేలడం లేదు. పాపమ్మ వాళ్ళ పిల్లి ఇన్నాళ్ళూ నన్ను చూస్తే పరుగెత్తేది, ఇప్పుడు నా చెయ్యి వాసన చూస్తూ కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. వయసులో వెంటపడనివాళ్ళు ఇప్పుడు పడుతున్నారు. నువ్వన్న సంబంధం ఇదే కాబోలు.

ఒళ్ళు మాత్రం నిజంగా బాగుపడింది. మడమల పగుళ్ళు చీరకు తట్టుకుని పోగులు లాగేవి, ఇప్పుడు నున్నబడ్డాయి. మోచేతుల దగ్గర పొట్టు రాలడం లేదు. జుట్టే ఇంకా మనసు మార్చుకోలేదు. దువ్వెనలో కాస్త తగ్గినట్టే ఉంది, నేను అలా అనుకుంటున్నానేమో కూడా.

మొన్నొక రోజు తలనొప్పిగా ఉండి పెందలాడే తినేసి పడుకున్నాను. కళ్ళు మూతపడలేదు. అక్కడ నువ్వొక్కదానివే కంచం ముందు కూర్చున్నట్టు అనిపించింది. లేచి, గడియారం ఎనిమిది చూపించే దాకా ఉండి, మాత్ర వేసుకుని మళ్ళీ పడుకున్నాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందని నవ్వుకో.

హాస్టలుకు సెలవులిస్తారు కదా. ఈ ఎండల్లో అక్కడేం చేస్తావు? ఇటు రాకూడదా? మామిడికాయ పప్పు చేసి పెడతాను. నీసు మానేశాను గనుక కోడీ చేపా మాత్రం అడగొద్దు.

నీ అక్క


కుప్పం,
జూన్ 22

అక్కా,

ఊరి పేరు చూసి కంగారు పడకు. బదిలీ అయింది. సామానంతా ఒక ఆటోలో పట్టింది. ఇన్నేళ్ళ కాపురం ఒక ఆటోలో పట్టిందేమిటా అని మదనపల్లెలో ఆ ఖాళీ గదిలో కాసేపు నిలబడ్డాను.

ఇక్కడ పిల్లలు మూడు భాషలు కలిపి మాట్లాడతారు. సరిహద్దు పల్లె నుంచి వచ్చిన చిన్న పిల్ల ఒకతె రోజూ “వార్డెనమ్మా, ఊటా ఆయితా?” అని అడుగుతుంది. భోజనం అయిందా అని. నన్ను ఆ మాట అడిగే మనిషి ఈ ఊళ్ళో అదొక్కతే. స్టేషను దగ్గరే, ఎనిమిది గంటల వేళకు ఒక రైలు కూస్తుంది. నీకు ఇది కూడా వినబడదు కదా అనుకుంటూ మాత్ర మింగుతాను.

రమ్మని రాశావు. నేను సెలవులంతా మదనపల్లెలో ఆ ఖాళీ హాస్టల్లోనే గడిపాను గానీ రాలేదు. కోపగించుకోకు. ఆ వాకిట్లో అడుగు పెట్టాలంటే నా కాళ్ళు లేవవు. ఎందుకో నీకూ తెలుసు. నువ్వే ఇక్కడికి వచ్చి నాలుగు రోజులుండు, ఆవును పాపమ్మకు అప్పగించి.

ఇక్కడ మందుల షాపులు ఇంకా తెలియలేదు. తెలియగానే మాత్రలు పంపుతాను. ఈలోగా నీ జుట్టు రహస్యం చెప్పకపోతే నేనే ఏదో ఒకటి ఊహించుకుంటాను, అది నీకు నచ్చదు.

నీలిమ


పుంగనూరు,
జూలై 6

నీలిమా,

డబ్బా ఖాళీ అయింది. నీ పార్సిలు ఇంకా రాలేదు. వేళ తప్పకూడదని ఆఖరి మాత్ర చేత్తో పట్టుకుని మందుల అంగడికి పోయాను. ఆ పిల్లవాడు చెబితే నాకు వినబడలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. “ఇది చేప నూనె కదమ్మా. నీకు తెలీకుండానే మింగుతాండావా ఇన్ని దినాలూ?” అంగట్లో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు.

నేను నీసు మానేశానని నీకు తెలుసు. ఉత్తరంలో కూడా రాశాను. తెలిసి, వాసన పట్టకుండా ఇంగువ డబ్బాలో పోసి పంపావు. నేను పిచ్చిదాన్ని, పిల్లికి తెలిసింది కూడా నాకు తెలియలేదు.

తలంటి పోసుకున్నాను. నోరు పుక్కిలించాను. అలా కడుక్కుంటే పోయేది కాదు ఇది. నువ్వేం చేశావో నీకు తెలియదు.

ఇంకేమీ పంపొద్దు.

ముత్యాలమ్మ


కుప్పం,
జూలై 13

అక్కా,

తప్పు నాదే. చేప నూనె అంటే వేసుకోవని తెలిసే చెప్పలేదు. వయసు పైబడి నీసు వదిలేశావేమో, మందుకు పట్టింపేమిటిలే అనుకున్నాను. నీకు చెప్పకుండా నీ నోట్లో పెట్టడం తప్పు. చేతులు పట్టుకుని క్షమించమని అడుగుతున్నాను.

కానీ నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. చెరువు తెగిన ఏడు చేపల పులుసు పెట్టి, ముల్లు గుచ్చుకుంటుందని ఏరి ఏరి నాకు పెట్టిన చెయ్యి నీది. ఒక్క మాత్రకు నీ అక్కనని రాయకుండా ఉత్తరం ముగించేంత కోపమా? ఆ కోపం చేప మీద కాదు, నా మీద. అది నాలుగేళ్ళనాటిది.

ఇన్నాళ్ళూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. కరోనాలో ఇద్దరం ఆసుపత్రికి పోయి నేనొక్కదాన్నే బయటికి వచ్చిన రోజు, నాకు పోవడానికి ఇంకో ఇల్లు లేక నీ దగ్గరికి వచ్చాను. నువ్వు గడపలో నిలబడి “నువ్వన్నా వచ్చినావు” అన్నావు. అని, మొహం గోడ వైపు తిప్పుకున్నావు. ఉన్న మూడు రోజులూ నా కళ్ళలోకి చూడలేదు. ఆయన రావలసిన చోటికి నేను వచ్చానని నీ బాధ. అవును, నువ్వు కాపురానికి వచ్చేనాటికి ఆయన నిక్కర్లు వేసుకునే పిల్లవాడు, నీ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. నేను పరాయి ఇంటి పిల్లని. నీ తప్పేమీ లేదు. నేనెందుకు మిగిలానా అని నాకూ రోజూ అనిపిస్తుంది.

మాత్ర నేను ఇంకా ఎనిమిదికే వేసుకుంటున్నాను. పంక్తిలో ఎవరూ లేరు.

నీలిమ


పుంగనూరు,
జూలై 20

నా నీలిమకు,

నీ ఉత్తరం ఆవు దగ్గర కూర్చుని చదివాను. చదివి గట్టిగానే ఏడ్చి ఉంటాను, గోడ అవతలి నుంచి పాపమ్మ పరుగెత్తుకొచ్చింది.

ఎందుకని అడగొద్దన్న మాట ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఆ రోజుల్లో మీ ఇద్దరినీ ఆసుపత్రిలో చేర్చారని మరిది లోకనాథే పాపమ్మ ఫోనుకు చేశాడు. తనకు జ్వరమే, నడుస్తున్నాను అన్నాడట. నీకు మాత్రం ఊపిరి అందడం లేదట, డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారట. పాపమ్మ ఆ మాటలన్నీ నా చెవిలో అరిచి చెప్పింది. బస్సులు లేవు, నన్ను రానిచ్చేవాళ్ళూ లేరు. నేను పెరట్లోకి పోయి బోయకొండ దిక్కుకు తిరిగి నిలబడ్డాను. “గంగమ్మ తల్లీ, మా నీలిమను నాకు ఇడిసిపెట్టు. నా తలెంటికలన్నీ నీకే. ఇద్దరం కలిసి నీ కొండకొచ్చి ఇచ్చుకుంటాము. అందాకా నీసు ముట్టను” అని మొక్కుకున్నాను.

తల్లి నిన్ను ఇచ్చింది. నడుస్తున్నానన్న పిల్లవాడు వారం తిరక్కుండానే పోయాడు.

నేను నిన్నొక్కదాన్నే అడిగాను, నీలిమా. లోకనాథ్‌ను కూడా అని ఒక్క మాట కలిపి ఉంటే నా నాలుక అరిగిపోయేదా? వాడికేమీ కాదనుకున్నాను. వాడి పేరు ఎత్తనే లేదు. నువ్వు గడపలోకి వచ్చి నిలబడితే, నిన్ను చూసిన సంతోషం నా మొహంలో కనబడుతుందేమోనని గోడ వైపు తిప్పుకున్నాను. మరిది పోయిన ఇంట్లో అంత సంతోషం ఎలా వచ్చిందో నాకే భయమేసింది. నీ కళ్ళలోకి చూస్తే, ఆయన్నెందుకు అడగలేదక్కా అని అడుగుతావనిపించింది. నువ్వు దాన్ని ఇలా అనుకుంటావని నాకు తెలియదు.

మొగుణ్ణి పోగొట్టుకున్న దాన్ని పట్టుకుని, నువ్వు బతికినందుకు మొక్కు తీర్చుకుందాం రా అని ఏ నోటితో పిలవను? ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ ఉండిపోయాను. ఈలోగా జుట్టు పలచబడుతూ వచ్చింది. ఇస్తానన్నది రెండు చేతులకు అందని జుట్టు. తీరా ఇవ్వబోయే నాటికి దోసిట్లోకి కూడా రాదేమోనని భయపడి నిన్ను మందు అడిగాను. నువ్వు నవ్వులాటకు రాశావు, నేను నిజంగానే కొండకు వెంట్రుక కట్టుకుని కూర్చున్నాను.

నీసు ముట్టనన్న నోటితోనే ఇన్ని నెలలు చేప నూనె మింగాను. కోపం నీ మీద కాదు. మొక్కు చెడితే ఆ తల్లి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటుందేమోనని ప్రాణం కొట్టుకుంటోంది. ఒంట్లో ఎలా ఉంది? దగ్గు, ఆయాసం ఏమైనా ఉన్నాయా? వెంటనే రాయి.

నీ అక్క,
ముత్యాలమ్మ


కుప్పం,
జూలై 26

అక్కా,

దగ్గూ లేదు, ఆయాసమూ లేదు. ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి వస్తున్నాను. ఉన్న జుట్టు ఉన్నట్టే ఉంచు, మిగిలింది ఆవు తినకుండా చూసుకో. తల్లికి కోపమో కాదో మనం ఇక్కడ కూర్చుని అనుకోవడమెందుకు? కొండకే పోయి పువ్వు పెట్టించి అడుగుదాం.

నీలిమ


పుంగనూరు,
ఆగస్టు 17

నీలిమకు,

నువ్వు పోయిన రోజు నుంచి రాద్దామని కూర్చుంటాను, చెయ్యి తల మీదికే పోతుంది. గరుకుగా మొలుస్తోంది. కొంగు జారితే చల్లగా గాలి తగులుతుంది. దారిన పోయేవాళ్ళు అడిగితే, ఎప్పటి మొక్కో ఇప్పుడు తీరిందని చెబుతున్నాను.

కొండ మీద జరిగింది నువ్వూ చూసిందే, అయినా రాసుకోవాలని ఉంది. పూజారి అమ్మవారి తల మీద పువ్వు పెట్టాడు. నీసు తగిలినా ఈ మొక్కు నీకు సమ్మతమేనా అని అడిగాను. కుడివైపుకు పడితే సరేనని, ఎడమవైపుకు పడితే కాదని చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే. అయినా పడేదాకా కుడి ఏదో ఎడమ ఏదో నాకు తెలియలేదు. కుడికి పడింది. నువ్వు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నావు. ఆ గుర్తు ఇంకో రోజు దాకా ఉంది.

మంగలి నా ముడి విప్పి, ఇంతేనా అన్నట్టు నీ మొహంలోకి చూశాడు. నువ్వు చూపు తిప్పుకోలేదు. నా ముందు కొంగు పరిచి రాలిన ప్రతి పోగూ అందులోకి పట్టావు. రెండు చేతులా పట్టుకుని తల్లికి ఇచ్చావు. దోసిట్లో నిండుగానే కనబడింది.

సాయంత్రం పులుసు పెట్టాను. ఇన్నేళ్ళకు చేప నోట్లో పెట్టుకోబోతే, నువ్వు నా కంచం లాక్కుని ముళ్ళు ఏరి ఇచ్చావు. తర్వాత లోకనాథ్ పడుకునే గదిలోకి ఒక్కదానివే పోయి చాలాసేపు కూర్చున్నావు. నేను రాలేదు. పిల్లిని మాత్రం ఆపలేకపోయాను.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. నిన్నొక్కదాన్నే అడిగానన్న మాటకు నువ్వు జవాబివ్వలేదు. మర్నాడు పొద్దుటి నుంచి నీ నోటి వైపే చూస్తూ ఉన్నాను. తీరా బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి వంగి ఏదో అన్నావు. చెవి మిషను ఇంట్లోనే ఉండిపోయింది. బస్సు పొగ, జనం. నీ పెదాలు కదలడం చూశాను, ఏమిటని అడిగే లోపల బస్సు మలుపు తిరిగింది. నేను తల ఊపేశాను.

ఏమన్నావు? తిట్టయినా సరే, ఈసారి రాయి.

నీ అక్క


కుప్పం,
ఆగస్టు 24

అక్కా,

మాత్రలు రెండు సీసాలు కొన్నాను, నీకొకటి, నాకొకటి. ఈసారి సీసాతోనే పంపుతున్నాను. మీద చేప బొమ్మ ఉంది, చూసుకుని మింగు. జుట్టు వస్తే వస్తుంది, లేకపోతే మడమలన్నా నున్నగా ఉంటాయి. ఎనిమిది గంటలు మాత్రం మార్చొద్దు. నిన్న నా పంక్తిలో ఆ చిన్న పిల్ల కూడా వచ్చి కూర్చుంది. పక్కన ఇంకో కంచం ఎందుకు పెట్టావని అడిగితే, మా అక్కది అని చెప్పాను.

దసరా సెలవులకు వస్తాను. ఆ గది కిటికీ తలుపు బిగుసుకుపోయింది, నూనె వేయించి ఉంచు.

ఆయన్నెందుకు అడగలేదని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. చావు దగ్గర నన్ను అడిగిన మనిషి ఒకరున్నారని తెలియక నాలుగేళ్ళు బతికాను. ఆ సంగతే పొద్దుటి నుంచి నీతో అందామనుకుని, అనలేక, చివరికి బస్సులో కూర్చున్నాక ఒక్క మాట అన్నాను. ఆ మాట ఇదే:

“ఇంకోసారి మొక్కుకుంటే నన్నొక్కదాన్నే అడగొద్దు అక్కా. మనిద్దరినీ అడుగు.”

నువ్వు తల ఊపావు. వినకుండా ఊపినా ఊపినట్టే.

నీ నీలిమ